గంటాలమ్మ కట్టు

అనగనగా అంటే ఎప్పుడో అనుకునేరు, మా ముత్తవ్వకు ముత్తవ్వ ఇంకా పుట్టని రోజులు. ఏటి ఒడ్డున పోగులపాడు అని ఒక ఊరు. ఊరంటే పెద్ద ఊరేం కాదు, ముప్పై ఇళ్ల నేతగాళ్ల వీధి. ఇంటికో మగ్గం. ఆ వీధిలో కోడికంటే ముందు మగ్గం కూసేది. టకటక, టకటక, టకటక. మీరు ఊఁ కొడుతూ ఉండండి. ఊఁ ఆగితే నా పోగు తెగుతుంది, మళ్లీ అతుకు పెట్టుకునే ఓపిక నాకు లేదు.

మగ్గం నేయడం చూశారా ఎప్పుడన్నా? నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్లు దించుకుని కూర్చుంటారు. పైన చేతులు అడ్డపోగు తీసుకెళ్లే నాడె విసురుతుంటే కింద కాళ్లు చెక్కలు తొక్కుతుంటాయి. పొద్దున దిగిన మనిషి పొద్దుగూకే వేళకు పైకి వస్తాడు. అప్పటికి పాదాలు బూరెల్లా ఉబ్బి ఉంటాయి. చీలమండ ఎక్కడుందో తడిమి వెతుక్కోవాలి. ఆ వీధిలో వాపు లేని కాలంటే ఇంకా నడక రాని పసిబిడ్డ కాలే.

ఆ వీధిలో ఒక ఇంటికి పెద్దకోడలు గంటాలమ్మ. మొగుడు కోటిలింగం మగ్గం నేస్తాడు. ఈమె రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతుంది. గంటాలమ్మకు రంగు లేదు, పాట రాదు, పుట్టింటి వాళ్లు ఉన్నా లేనట్టే. ఆమెకు ఉన్నదల్లా ఒకటే, చేతివాసి. ఉప్పు వేయించి, గుడ్డలో మూటకట్టి, వాచిన కాళ్లకు కాపడం పెట్టేది. దీపాలు పెట్టే వేళయ్యేసరికి అరుగు మీద పదిమంది కాళ్లు చాపుకుని కూర్చునేవాళ్లు.

"నీ చెయ్యి పడితే చాలు గంటాలమ్మా, సగం నొప్పి పోయిద్ది" అనేవాళ్లు.

"నాకు వేరే పనేం లేదనుకున్నారా?" అని ఈమె కసురుకునేది. కసురుకుంటూనే లోపలికి వెళ్లి ఇంకో దోసెడు ఉప్పు పెనం మీద పోసేది. ఆ పది మాటల మీదే ఆమె బతుకంతా నడిచింది. ఇరవై ఏళ్లు నడిచింది.

అప్పుడు గంటాలమ్మ మరిదికి పెళ్లయి, ఆ ఇంటికి చిన్నకోడలు వచ్చింది. పేరు పేరిందేవి. పడమటి గుట్టల వైపు పిల్ల. వచ్చిన మూడోరోజు ఏటికి నీళ్లకు పోయి, గట్టున ఉన్న వావిలి పొదలు చూసి చప్పట్లు కొట్టింది.

"అక్కా, ఇక్కడ ఇంత వావిలి ఉందే! మా ఊళ్లో ఈ ఆకు వాపులకు కడతారు" అంది.

"మా ఊళ్లో దాంతో దడి కడతారు" అంది గంటాలమ్మ.

నిజమే, పోగులపాట్లో వావిలి అంటే దడి కట్టుకునే కంపే. మేక కూడా మూతి పెట్టదు. అంత ఘాటు వాసన. అయినా ఆ పిల్ల ఒడినిండా ఆకు కోసుకొచ్చింది. ఆ సాయంత్రం వీధిపెద్ద చెంగయ్య తాత కాపడానికి వచ్చాడు. ఆయన మోకాలు వెలక్కాయంత అయి ఉంది. గంటాలమ్మ లోపల ఉప్పు వేయిస్తోంది. ఈలోగా పేరిందేవి పెనం మీద కాస్త ఆముదం రాసి, ఆకు వాడ్చి, గోరువెచ్చగా తాత మోకాలికి కట్టేసింది.

తెల్లారేసరికి తాత కర్ర లేకుండా నడుచుకుంటూ వచ్చాడు. వీధి మధ్యలో నిలబడి, అటొకసారి ఇటొకసారి మోకాలు వంచి చూపించాడు.

"ఈ పిల్ల చెయ్యి మంచిదిరా! ఏం చెయ్యిరా అది!" అన్నాడు.

ఆకు మంచిదని అన్నా గంటాలమ్మ ఓర్చుకునేదేమో. చెయ్యి అన్నాడు. ఆ మాట ఆమె గుండెల్లో ముల్లులా దిగింది. ఇరవై ఏళ్లు ఆయన మోకాలికి కాపడం పెట్టిన చెయ్యి ఆమెది. ఆ మాట ఆమెది. ఆమె మాటను తీసుకెళ్లి నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రం గంటాలమ్మ ఉప్పు వేయించి అరుగు మీద కూర్చుంది. ఎవరూ రాలేదు. ఉప్పు చల్లారింది. మళ్లీ వేయించింది. మళ్లీ చల్లారింది. మూడోసారి వేయించింది. మూడోసారీ చల్లారింది. అరుగు ఆ చివర మాత్రం పేరిందేవి చుట్టూ జనం. నవ్వులు, ఆముదం వాసన, వావిలి ఘాటు. మర్నాడు గంటాలమ్మ ఆ ఉప్పంతా పులుసులో గుమ్మరించింది. ఇంట్లో ఎవరూ నోట పెట్టలేకపోయారు.

అప్పటినుంచి మొదలైంది కడుపుమంట. పేరిందేవి నవ్వితే మంట. నవ్వకపోతే, చూడు ఎంత పొగరో అని మంట. "అక్కా, నువ్వు కూర్చో, నేను చేస్తాలే" అంటే మరీ మంట. పోనీ ఆ పిల్ల గయ్యాళి అయినా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది. అదీ కాదు. మంచిది. ఓర్వలేని మనిషికి అంతకంటే కష్టం ఏముంటుంది చెప్పండి?

గంటాలమ్మ కండెలు చుడుతూ చుడుతూ ఒక మాట అనుకుంది. వాపంటే పగలు వస్తుంది, రాత్రి పడుకుంటే పోతుంది. ఆకూ లేదు, చెయ్యీ లేదు. ఇదంతా ఉత్తదని తేల్చాలి. తేల్చి, వీధి మధ్యలో నిలబడి చెప్పాలి. ఎట్లా తేల్చాలి? కంటితో చూసి తగ్గింది, తగ్గలేదు అంటే ఎవరిష్టం వాళ్లది. ఆమె నూలు మనిషి. నూలు మనిషి కన్నును నమ్మదు, పోగును నమ్ముతుంది.

మొదట మొగుడి కాళ్లు దొరికాయి. ఆ సాయంత్రం కోటిలింగం గుంటలోంచి పైకి వచ్చేసరికి రెండు కాళ్లూ ఒక్కలా వాచి ఉన్నాయి. గంటాలమ్మ ఎడమ చీలమండకు నీలం పోగు చుట్టి, సరిగ్గా చుట్టు కలిసిన చోట గుర్తుగా ముడి వేసింది. కుడి చీలమండకు తెల్ల పోగు చుట్టి ముడి వేసింది. పోగులు తీసి దాచింది. తర్వాత చిన్నకోడలి బుట్టలోంచి ఆమె చూడకుండా తీసిన ఆకు ఎడమకాలికి కట్టింది. కుడికాలికి అదే ఆముదం, అదే వేడి, అదే గుడ్డ, ఆకు ఒక్కటే లేదు.

"ఇదేందే, రెండు కాళ్లకీ కడతన్నావ్?" అన్నాడు కోటిలింగం.

"వాచింది రెండు కాళ్లయితే ఒక్కదానికి కడతారా? కదలకుండా కూర్చో."

ఆకు కట్టిన కాలి మీదికి వంగి, మొగుడికి వినపడకుండా మూడుసార్లు అంది. "దిగొద్దు, దిగొద్దు, దిగొద్దు."

కోడి కూశాక కట్లు విప్పింది. పోగులు మళ్లీ చుట్టి, చుట్టు కలిసిన చోట రెండో ముడి వేసింది. మొదటి ముడికీ రెండో ముడికీ ఎంత ఎడం ఉంటే వాపు అంత దిగినట్టు. తెల్ల పోగు మీద రెండు ముళ్లూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. నీలం పోగు మీద ముడికీ ముడికీ మధ్య రెండు వేళ్లు పడుతున్నాయి.

గంటాలమ్మ మొహం మాడిపోయింది. అయినా ఓ సాకు దొరికింది. కుడికాలు ఎక్కువ తొక్కే కాలు, అందుకే దాని వాపు దిగలేదు, అంతే. ఇందులో ఆకు గొప్ప ఏముంది అనుకుంది.

రెండోసారి అత్త మోకాళ్లు దొరికాయి. అత్త పేరు నాగులమ్మ. నోరు పెద్దది, మోకాళ్లు ఇంకా పెద్దవి. ఈసారి గంటాలమ్మ తెలివిగా ఎక్కువ వాచిన మోకాలికి ఆకు కట్టింది, తక్కువ వాచినదానికి ఉత్త కట్టు కట్టింది. ఆకు ఎటుందో అత్తకు తెలియకూడదని రెంటిపైనా మూడు వరసలు గుడ్డ చుట్టింది.

"ఎటు కట్టావే ఆకు? వాసనొస్తంది గానీ ఎటుందో తెలవట్లా" అంది నాగులమ్మ.

"తెలుసుకుని ఏం చేస్తావత్తా, ఊరుకో" అంది గంటాలమ్మ. మోకాలి మీదికి వంగి మూడుసార్లు అంది. "దిగొద్దు, దిగొద్దు, దిగొద్దు."

తెల్లారాక ముళ్లు చూసింది. తెల్ల పోగు మీద ముళ్ల మధ్య ఒక్క వేలు. నీలం పోగు మీద మూడు వేళ్లు. అత్త ఎక్కువ వాచిన కాలు ముందుకు చాపి, "ఈ కాలు తేలికయిందే, ఇదేనా ఆకు కాలు?" అంది. గంటాలమ్మ చెంబు పట్టుకుని దొడ్లోకి వెళ్లిపోయింది.

ఇంకో సాకు వెతుక్కుంది. వెతుక్కుంటే సాకులకేం తక్కువ? ఆ ఆకు పేరిందేవి కోసిన ఆకు. కోసేటప్పుడు ఆ చేతి వాసి అంటుకొచ్చింది. అందుకే పనిచేసింది. అంటే చూడండి, ఆకు ఉత్తదని తేల్చబోయి, చివరికి పేరిందేవి చేతికే దండం పెట్టేదాకా వచ్చింది. ఆ సంగతి తట్టగానే గంటాలమ్మకు తన మీద తనకే రోత పుట్టింది.

మూడోసారి ఇంకెవరినీ నమ్మలేదు. తన కాళ్లే తీసుకుంది. రోజంతా రాట్నం దగ్గర కూర్చునే మనిషికి వాపుకు కొదవా? మిట్టమధ్యాహ్నం ఏరు దాటి, పేరిందేవి ఎన్నడూ అడుగుపెట్టని గట్టుకు వెళ్లింది. మంచి వేళ చూసుకోలేదు, చెట్టుకు దండం పెట్టలేదు, ఎడంచేత్తో ఆకు దూసుకొచ్చింది. కుడికాలికి ఆకు, ఎడమకాలికి ఉత్త కట్టు. కట్టి, తన కాలిని తనే చూస్తూ పళ్లు నూరుకుంటూ అంది. "దిగొద్దు, దిగొద్దు, దిగొద్దు."

కాలు తనది. నొప్పి తనది. తగ్గితే సుఖపడేది తను. అయినా తగ్గొద్దని కోరుకుంది. కుళ్లు అంటే అదీ.

తెల్లారాక కట్లు విప్పింది. నీలం పోగు మీద మూడు వేళ్లు. తెల్ల పోగు మీద ఒక్క వేలు కూడా లేదు. గంటాలమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చింది. కాలు హాయిగా ఉందని ఏడ్చింది. ఏ చేత్తో కట్టినా, ఏం కోరుకుని కట్టినా, ఆ ఆకు దాని పని అది చేసుకుపోతోంది. అది తనను లెక్కచేయలేదు. పేరిందేవినీ లెక్కచేయలేదు.

మూడు నీలం పోగులూ మూడు తెల్ల పోగులూ చుట్ట చుట్టి కండెల బుట్ట అడుగున పెట్టింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎందుకు కట్టావని అడుగుతారు కదా.

ఆ ఏడు వానలు ముసురు పట్టాయి. ముసురు వెనకే జ్వరం వచ్చింది. మామూలు జ్వరం కాదు, కీళ్లు పొంగించే జ్వరం. మణికట్లు, మోకాళ్లు, వేళ్ల కణుపులు ఎక్కడికక్కడ వాచిపోయాయి. ఒక్కొక్క మగ్గమే ఆగింది. టకటక, టకటక అనే వీధిలో ఒక్క టక్ కూడా లేదు. ముప్పై ఇళ్లవాళ్లూ పేరిందేవి ముందే. ఆ పిల్ల పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా లేచేది కాదు. అలా పది రోజులు కట్టింది. పదకొండో రోజు జ్వరం ఆమెనూ పట్టుకుంది.

మణికట్లు రెండూ గుమ్మడి పిందెల్లా వాచాయి. లోటా పట్టుకోలేదు, అన్నం కలుపుకోలేదు. అయినా జనం వదలలేదు.

"కట్టలేకపోతే పోన్లే తల్లీ, ఆకు తెచ్చాం, ఒక్కసారి ముట్టుకో. నీ చెయ్యి పడితే చాలు" అని ఆకుల కుప్పలు తెచ్చి ఆమె పక్కలో పోసేవాళ్లు. మంచం మీంచి లేపి, వాచిన చెయ్యి పట్టుకుని ఆకుల మీద ఆనించేవాళ్లు. ముప్పై ఇళ్లు, రోజుకు రెండుసార్లు. ఆ పిల్లకు కన్ను మూయడానికి లేదు.

మొదటిరోజు గంటాలమ్మ రాట్నం దగ్గర కూర్చుని చూసింది. అనుభవించు, చేతివాసి అంటే అంత తేలికనుకున్నావా అనుకుంది. నిజం చెప్పాలంటే ఆ రోజు కండెలు కూడా చురుగ్గా చుట్టింది.

రెండోరోజు లేచి వెళ్లి, "ఇటివ్వండి, నేను కడతా" అంది.

"నీకెందుకులే గంటాలమ్మా. నీది కాపడం చెయ్యి. ఆకుకు ఆ అమ్మాయి చెయ్యే పడాలి" అన్నారు జనం. గంటాలమ్మ గిర్రున తిరిగి వచ్చేసింది. చావండి అనుకుంది.

మూడోరోజు పేరిందేవిని లేపబోతే లేవలేదు. మెడ వాలిపోయింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. పక్కన నిలబడ్డ తోడికోడలిని చూసి నెమ్మదిగా అంది.

"అక్కా, ఈ చేతులు కోసి వీళ్లకిచ్చెయ్యవా? నన్ను కాసేపు పడుకోనీమను."

గంటాలమ్మకు సంగతి అర్థమైంది. ఈ పిల్లకు కావలసింది మందు కాదు, నిద్ర. ఇట్లాగే లేపుతూ ఉంటే నాలుగు రోజుల్లో పోతుంది. ఆపాలంటే ఒకటే దారి, ఆ చేతిలో ఏమీ లేదని వీళ్లకు చెప్పాలి. ఆ సంగతి తెలిసిన మనిషి ఊరు మొత్తానికి తనొక్కతే. చెబితే? మొగుడు ఏమంటాడు? అత్త ఏమంటుంది? ఇరవై ఏళ్లు గంటాలమ్మా గంటాలమ్మా అన్న నోళ్లు రేపటినుంచి ఏమని పిలుస్తాయి?

లోపలికి వెళ్లింది. బుట్ట దగ్గర కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చుంది. మూడోసారి లేచి, బుట్ట అడుగున చెయ్యి పెట్టి పోగుల చుట్ట బయటకు లాగింది.

అరుగు మీద జనం నిండా ఉన్నారు. అందరి చేతుల్లో ఆకుల మూటలు. గంటాలమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇంక లోపలికి ఎవరూ రాబాకండి. ఆ చేతిలో ఏం లేదు" అంది.

"ఏందమ్మా ఆ మాట? కుళ్లుబోతు మాటలు ఇప్పుడా?" అంది వెనకనుంచి ఎవరో ఒకామె.

"కుళ్లే. నిజంగా కుళ్లే. విను మరి." గంటాలమ్మ నీలం పోగు ఒకటి, తెల్ల పోగు ఒకటి పైకెత్తి పట్టుకుంది. "చెంగయ్య మామా, నువ్వు నేత మనిషివి. ఈ ముళ్లు చూడు. ముడికీ ముడికీ మధ్య ఉన్నది దిగిన వాపు. తెల్లది ఉత్త కట్టు. నీలంది ఆకు కట్టు. ఇవి మా ఆయన కాళ్లవి. ఇవి మా అత్త మోకాళ్లవి. ఇవి నావి."

చెంగయ్య తాత పోగులు అందుకున్నాడు. ఒక్కొక్క ముడికీ వేళ్లు పెట్టి చూశాడు. నేతగాళ్లకు ముళ్లు అబద్ధం చెప్పవు. మూడు జతలూ చూసి తలెత్తాడు.

"ఈ ఆకు ఎవరు కట్టారు?"

"నేనే."

"కోసింది?"

"రెండుసార్లు అదే కోసింది. మూడోసారి ఏరవతల నేనే కోసుకొచ్చా, ఎడంచేత్తో."

"కట్టేటప్పుడు ఏమనుకుని కట్టావు?"

వాన చూరులోంచి కారుతోంది. గంటాలమ్మ ఒకసారి మొగుడి వైపు, ఒకసారి అత్త వైపు చూసింది. అయినా చెప్పింది.

"దిగొద్దు అనుకున్నా. వాపు దిగొద్దు, దిగొద్దు, దిగొద్దు అని మూడుసార్లు అనుకుని కట్టా. చిన్నదానికి పేరు రాకూడదని అట్టా అన్నా. అయినా దిగింది."

కోటిలింగం తల పక్కకు తిప్పుకున్నాడు. నాగులమ్మ ఒక్క అరుపు అరిచింది.

"నా మోకాలు వాచిపోవాలని కోరుకున్నావటే! నీ చేతి కూడు తిని నీకేం అపకారం చేశానే!"

"నీకేం చేయలేదత్తా. దాని మీద కుళ్లు నీ మోకాలి మీద చూపించా" అంది గంటాలమ్మ. కళ్లు తుడుచుకుంది. తుడుచుకుని జనం వైపు తిరిగింది. "ఊళ్లో నా చేతికంటే చెడ్డ చెయ్యి ఉందా? ఉంటే చూపించండి. ఓర్వలేని చేత్తో, తగ్గకూడదని కోరి కట్టినా ఆకు పనిచేసిందంటే ఏంది దానర్థం? ఎవరు కట్టినా పనిచేసిద్ది. అందులో మా చిన్నదాని గొప్పేం లేదు!"

ఆ చివరి ముక్క అనేటప్పుడు మాత్రం ఆమె గొంతులో కాస్త సంతోషం వినపడిందంటారు. నేను కాదనను. ఉన్నదేదో ఉన్నట్టు చెప్పుకోవాలి.

చెంగయ్య తాత అరుగు మీద చతికిలబడి, తన మూటలోంచి ఆకు తీసి, తన మోకాలికి తనే చుట్టుకోవడం మొదలుపెట్టాడు. వాచిన వేళ్లతో ముడి పడలేదు. పక్కనున్న మనిషి వంగి ముడి వేశాడు. ఆ మనిషి మణికట్టుకు ఇంకొకామె కట్టింది. అట్లా ఒకరికొకరు కట్టుకుంటూ జనం ఎవరిళ్లకు వాళ్లు పోయారు. పోతూ పోతూ గంటాలమ్మ వైపు ఎవరూ చూడలేదు.

పేరిందేవి మూడు పగళ్లు, మూడు రాత్రులు నిద్రపోయింది. మధ్యమధ్య గంజి పోసింది గంటాలమ్మే. ఆమె మణికట్లకు ఆకు కట్టిందీ గంటాలమ్మే. జ్వరం దాని గడువు తీరాకే పోయింది. ఆకు వాపును తీసింది గానీ జ్వరాన్ని కాదు. కొందరికి వారం పట్టింది, కొందరికి నెల పట్టింది. ఒకరోజు పొద్దున ఒక మగ్గం టక్ అంది. ఇంకోటి అందుకుంది. టకటక, టకటక, టకటక.

కోటిలింగం మూడు రోజులు పెళ్లాంతో మాట్లాడలేదు. నాగులమ్మ మూడు నెలలు దెప్పింది. వీధిలో ఆడవాళ్లు గంటాలమ్మ ఎదురొస్తే ముక్కున వేలేసుకున్నారు. అరుగు ఖాళీగానే ఉంది. గంటాలమ్మ తలొంచుకుని కండెలు చుట్టింది.

చేతులు బాగయ్యాక పేరిందేవి వచ్చి రాట్నం పక్కన కూర్చుంది.

"అక్కా, అంత కోపమా నామీద?"

"కోపం కాదే. కుళ్లు."

"ఇప్పుడు పోయిందా?"

గంటాలమ్మ పోగు అతుకుతూ ఆలోచించింది. "సగం పోయింది" అంది.

పేరిందేవి పగలబడి నవ్వింది. గంటాలమ్మ కూడా నవ్వకుండా ఉండలేకపోయింది.

ఆ నవ్వు అరుగు దాటి వినపడిందేమో, ఆ సాయంత్రం చెంగయ్య తాత వచ్చాడు. గంటాలమ్మ ముందే కూర్చుని కాలు చాపాడు.

"ఆకు కట్టు. కట్టి, ఆనాడు అన్న మాట కూడా అను" అన్నాడు.

"ఏ మాట మామా?"

"అదే. దిగొద్దు అని. ఆ మాట అని కట్టినప్పుడే కదా మూడుసార్లూ దిగింది!"

గంటాలమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. అయినా కట్టింది, తలొంచుకుని అంది. మర్నాడు ఇంకొకరు వచ్చారు. ఆ మర్నాడు ముగ్గురొచ్చారు. "దిగొద్దు" అనకుండా కడితే ఒప్పుకునేవాళ్లు కాదు. చేతిలో ఏం లేదని ఆమె చెబితే, చివరికి ఆమె నోట్లో ఉందనుకున్నారు. జనాన్ని ఏమనగలం? నెల తిరిగేసరికి అరుగు నిండిపోయింది. ఆ కట్టుకు పేరు కూడా వచ్చేసింది, గంటాలమ్మ కట్టు అని.

ఆకు చూపించిన పేరిందేవి పేరు ఎవరూ ఎత్తలేదు. అప్పుడు పేరిందేవికి కొంచెం కడుపు మండిందట. అక్క మొహం చూసి, "బాగుందే! ఆకు నాది, పేరు నీదా?" అందట. గంటాలమ్మకు అంతకంటే తియ్యటి మాట జన్మలో ఇంకోటి వినపడలేదు.

ఏళ్లు గడిచాయి. గంటాలమ్మ ముసలిదయింది. కళ్లు కనపడటం మానేశాయి, కండెలు చుట్టడం మానేసింది. ఒకనాటికి రెండు పాదాలూ వాచాయి. అది గుంట వాపు కాదు, రాట్నం వాపు కాదు, ఒళ్లు అలిసిపోయిన వాపు. పేరిందేవికి అప్పటికి జుట్టు తెల్లబడింది. నీలం పోగుతో కొలిచి ముడి వేసి, ఆకు వాడ్చి తెచ్చి, అక్క రెండు పాదాలకూ కట్టింది. కట్టి, ఆమె చెవి దగ్గర మూడుసార్లు అంది. "దిగొద్దు, దిగొద్దు, దిగొద్దు."

తెల్లారాక విప్పింది. నీలం పోగు మళ్లీ చుట్టింది. ముడి మీద ముడి పడింది. ఒక్క వెంట్రుకంత కూడా దిగలేదు. పేరిందేవి ఆ పోగును అక్క వేళ్లకు అందించింది. గంటాలమ్మ ముడి తడిమింది. ఒకటే ముడి తగిలింది. నోరు తెరిచి, పళ్లు లేని చిగుళ్లతో నవ్వింది.

"చూశావుటే చిన్నదానా? ఇన్నాళ్లకు ఆకు నా మాట విన్నది" అంది.

అవే ఆమె ఆఖరి మాటలు.

అందుకే ఇప్పటికీ ఆ ఏటి వైపు ఎవరి కాలు వాచినా ముందు పోగు చుట్టి ముడి వేస్తారు. తర్వాత వావిలాకు కడతారు. కట్టేవాళ్లు మంచివాళ్లయినా, చెడ్డవాళ్లయినా, కట్టించుకునేవాళ్లంటే గిట్టనివాళ్లయినా సరే, ఎవరూ పట్టించుకోరు. కట్టి మూడుసార్లు "దిగొద్దు" అంటారు. కొత్త కోడళ్లు, "ఇదేం చోద్యం, దిగాలని కదా అనాలి?" అని నవ్వుతారు. అప్పుడు ఇంట్లో పెద్దావిడ ఈ కథ చెబుతుంది. కథ అయ్యేసరికి ఆకు వేడి కాలికి పడుతుంది. పొద్దున ముడికీ ముడికీ మధ్య ఎడం కనపడితే, "గంటాలమ్మ ఓడింది" అంటారు. ఎడం లేకపోతే, "ఈసారి గంటాలమ్మ గెలిచింది, ఇంక వైద్యుడి దగ్గరకు పదండి" అంటారు.

కండె నిండింది. పోగు కొస మీ చేతికిచ్చాను, ముడి మీరు వేసుకోండి.